18 మిల్లీమీటర్ల చోటు

సోనీ ఆల్ఫా 6000 కెమెరా నుంచి లెన్స్ విప్పి ముందువైపు చూస్తే నేరుగా సెన్సారే కనబడుతుంది. మధ్యలో అద్దం లేదు, పైన పట్టకం లేదు. లెన్స్ బిగించే లోహపు వలయం నుంచి సెన్సార్ దాకా దూరం 18 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి లోతులో 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న పలక వెలుగు తగిలినప్పుడల్లా రంగులు మారుస్తూ మెరుస్తుంది. కెమెరా పనితనం గురించి ఎవరైనా అడిగితే నేను మొదట చూపించేది ఈ ఖాళీనే.

అదే సోనీ తయారుచేసిన ఆర్‌ఎక్స్100 అనే చిన్న కాంపాక్ట్ కెమెరాలో అలా చూపించడానికి ఖాళీ ఏమీ దొరకదు. దాని లెన్స్ విప్పడానికి రాదు. స్విచ్ ఆపగానే లెన్స్ మొత్తం బాడీలోకి ముడుచుకుంటుంది, సన్నటి రేకులు వచ్చి ముందు మూసుకుంటాయి. అప్పుడు కెమెరా మందం 35.9 మిల్లీమీటర్లు. ఆల్ఫా ఉత్త ఖాళీగా వదిలిన దూరానికి ఇది ఇంచుమించు రెట్టింపు. ఆ రెట్టింపులోనే జూమ్ లెన్స్, షట్టర్, సెన్సార్, వెనకాల మూడంగుళాల తెర, అన్నీ సర్దుకున్నాయి.

ఆర్‌ఎక్స్100ను 2012 జూన్‌లో, ఆల్ఫా 6000ను 2014 ఫిబ్రవరిలో ప్రకటించారు. అమెరికాలో మొదట పెట్టిన ధర రెండింటికీ ఒకటే, సుమారు 650 డాలర్లు. ఆల్ఫాకు అది లెన్స్ లేని బాడీ ధర. కిట్ లెన్స్‌తో కలిపితే 800 అయ్యేది. విడుదలైన రోజుల్లో ఆల్ఫా 6000 మధ్యశ్రేణి కెమెరా. ఏళ్లు గడిచి ధర దిగాక, అద్దం లేని కెమెరాల్లోకి, అంటే మిర్రర్‌లెస్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు కొనే మొదటి కెమెరాగా స్థిరపడింది. ఒకే కంపెనీ, ఒకే ధర, రెండు వేర్వేరు ఆలోచనలు. వీటిని పక్కపక్కన పెట్టి చూడాలని నాకు అనిపించడానికి కారణం అదే. ఏది గొప్పదో తేల్చడం కన్నా, ఒక్కో మిల్లీమీటరును ఎవరు ఎలా ఖర్చుపెట్టారన్నది ఇక్కడ ఎక్కువ ఆసక్తికరం.

అద్దం సంగతి ముందు చెప్పాలి. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. అది వెలుగును పైకి మళ్లిస్తే, పట్టకం గుండా మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కిన క్షణంలో అద్దం పైకి లేచి దారి ఇస్తుంది. అలా లేచి దిగడానికి చోటు కావాలి. అందుకే సోనీ పాత ఎ-మౌంట్‌లో లెన్స్‌కూ సెన్సార్‌కూ మధ్య 44.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్‌లో 44, నికాన్ ఎఫ్‌లో 46.5 మిల్లీమీటర్లు వదిలారు. 2008లో పానసోనిక్ జీ1తో ఆ అద్దాన్ని తీసేసిన కెమెరాలు మార్కెట్లోకి వచ్చాయి. 2010లో నెక్స్-3, నెక్స్-5లతో సోనీ ఆ దూరాన్ని 18 మిల్లీమీటర్లకు తెచ్చింది. ఆల్ఫా 6000 ఆ వంశంలోదే.

అద్దం పోయినప్పుడు దానితోపాటు మరొకటి కూడా పోయింది. ఎస్‌ఎల్‌ఆర్‌లో వేగంగా ఫోకస్ పట్టే పరికరం అద్దం కింద ఉండేది. అద్దమే లేనప్పుడు దానికి వెలుగు ఎక్కడిది? తొలినాళ్ల మిర్రర్‌లెస్ కెమెరాలు ఫోకస్ కోసం లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ, బొమ్మ ఎక్కడ స్పష్టమవుతుందో వెతుక్కునేవి. ఆర్‌ఎక్స్100 చేసేదీ అదే. ఆల్ఫా 6000లో మాత్రం ఆ పరికరం పనిని సెన్సార్‌కే అప్పగించారు. సెన్సార్ మీద 179 చోట్ల, లెన్స్‌లో ఒక పక్క నుంచి వచ్చే వెలుగునూ మరో పక్క నుంచి వచ్చే వెలుగునూ విడివిడిగా పోల్చే పిక్సెళ్లు అమర్చారు. రెండు పక్కల బొమ్మలూ ఎంత ఎడంగా పడుతున్నాయో చూస్తే లెన్స్ ఎటు జరగాలో, ఎంత జరగాలో ఒక్క కొలతలోనే తెలిసిపోతుంది. అందుకే పరుగెత్తే పిల్లవాణ్ని వెంటాడుతూ సెకనుకు 11 ఫోటోలు తీయగలుగుతుంది. అద్దం తీసేయడం సగం పనే. అద్దం చేస్తూ వచ్చిన పనిని ఇంకొకరి చేత చేయించడంలోనే అసలు నేర్పు ఉంది.

ఇక ఆ కెమెరాతో వచ్చే 16-50 కిట్ లెన్స్. దాన్ని చులకనగా మాట్లాడేవాళ్లు చాలామంది. మూలల్లో బొమ్మ మెత్తబడుతుందని, జూమ్ మోటారుతో నడవడం వల్ల మెల్లగా ఉంటుందని అంటారు. ఆ మాటల్లో నిజముంది. కానీ ముడుచుకున్నప్పుడు దాని పొడవు 29.9 మిల్లీమీటర్లు, బరువు 116 గ్రాములు. అందులో 8 గుంపులుగా 9 గాజు కటకాలు, చేతి వణుకును సరిదిద్దే కదిలే భాగం, జూమ్ మోటారు ఉన్నాయి. ఇంత ఎలా పట్టిందంటే, ఒక బరువును గాజు నుంచి దింపి లెక్క మీద పెట్టారు. 16 మిల్లీమీటర్ల దగ్గర ఈ లెన్స్ ఇచ్చే అసలు బొమ్మలో సరళరేఖలు పీపాలా ఉబ్బి ఉంటాయి, మూలలు నల్లబడి ఉంటాయి. కెమెరాలోని ప్రాసెసర్ ఆ వంపును ముందే తెలిసిన సూత్రంతో సరిచేసి మనకు చూపిస్తుంది. గాజుతోనే అంతా సరిదిద్దాలని పట్టుబడితే లెన్స్ ఇంకా పొడవూ బరువూ అయ్యేది. దీన్ని మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఏ లోపాన్ని గాజులో దిద్దాలి, ఏ లోపాన్ని లెక్కతో దిద్దవచ్చు అని విడదీయగలగడం డిజైనర్ వివేకం. ఆ వివేకం మూలల్లో కొంత స్పష్టతను ఖరీదుగా అడుగుతుంది, అంతే.

ఆర్‌ఎక్స్100 లెన్స్ దగ్గరికి వచ్చేసరికి నాకు మాట నెమ్మదిస్తుంది. దీని మీద జైస్ వారి పేరు ఉంది: వారియో-సోనార్. 6 గుంపులుగా 7 కటకాలు. వాటిలో 4 గోళాకారం కానివి, అంటే ఉపరితలం వంపు అంచుకూ మధ్యకూ వేర్వేరుగా ఉండేవి. ఒక్కో గోళాకారం కాని కటకం రెండు మూడు మామూలు కటకాల పని చేయగలదు. కటకాల సంఖ్య తగ్గితే మడతా పలచనవుతుంది. ఫోకల్ దూరం 10.4 నుంచి 37.1 మిల్లీమీటర్లు. ఫిల్మ్ కెమెరా లెక్కలో చెప్పుకుంటే 28-100 జూమ్. వెడల్పు కొసన రంధ్రం ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది, పొడవు కొసన ఎఫ్/4.9 దగ్గర ఆగిపోతుంది.

ఈ అంకెల్లో ఒక రహస్యం ఉంది. ఎఫ్ సంఖ్య అనేది ఫోకల్ దూరాన్ని వెలుగు చొరబడే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. కనుక ఫోకల్ దూరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే రంధ్రం వ్యాసం వస్తుంది. ఆర్‌ఎక్స్100లో 10.4ను 1.8తో భాగిస్తే 5.8 మిల్లీమీటర్లు. అదే దృశ్యాన్ని అంతే వెడల్పుగా చూడాలంటే ఆల్ఫా కిట్ లెన్స్‌ను 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టాలి, అక్కడ ఎఫ్/3.5 దొరికిందనుకున్నా రంధ్రం 5.1 మిల్లీమీటర్లే. ఆల్ఫా సెన్సార్ వైశాల్యం 367 చదరపు మిల్లీమీటర్లు, ఆర్‌ఎక్స్100 సెన్సార్ 13.2 × 8.8, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. మూడు రెట్లకు పైగా తేడా. అయినా ఒకే గదిలో, ఒకే చోట నిలబడి, ఒకే షట్టర్ వేగంతో, జూమ్ చేయకుండా తీస్తే రెండు కెమెరాలూ పోగుచేసే మొత్తం వెలుగు దాదాపు సమానం, ఇంకా చెప్పాలంటే కాంపాక్ట్‌దే పిసరంత ఎక్కువ. సెన్సార్ పెద్దదైతే బొమ్మ మెరుగు అని అందరూ చెప్పే సూత్రం ఇక్కడ నిలవదు. సెన్సార్ ముందున్న ద్వారం ఎంత పెద్దదన్నదే అసలు ప్రశ్న. చిన్న సెన్సార్‌ను ఎంచుకున్నవాళ్లు ఆ చిన్నతనం వల్ల మిగిలిన చోటును పెద్ద ద్వారానికి వాడుకున్నారు. ఈ కెమెరాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నిర్ణయం అదే.

జూమ్ ముందుకు వెళ్లేకొద్దీ ఈ ఆధిక్యం కరిగిపోతుంది. కల్యాణమండపంలో వెనక వరుసలో కూర్చుని, జీలకర్రా బెల్లం పెట్టే క్షణంలో వధువు ముఖాన్ని దగ్గరగా పట్టాలనుకుంటే ఆర్‌ఎక్స్100 ఎఫ్/4.9కు పడిపోయి ఉంటుంది. 20 మెగాపిక్సెళ్లు ఆ చిన్న పలక మీద ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కో పిక్సెల్ వెడల్పు 2.4 మైక్రాన్లు. ఆల్ఫాలో అది 3.9 మైక్రాన్లు. కాంపాక్ట్ బొమ్మలో నీడల్లో గరుకుదనం తేలుతుంది. ఆల్ఫా కిట్ లెన్స్ కూడా ఆ కొసన ఎఫ్/5.6 మాత్రమే, పైగా అంత దగ్గరికి చేరదు. కానీ ఆల్ఫా యజమాని ఆ లెన్స్‌ను విప్పి పక్కన పెట్టగలడు.

అక్కడే ఆ 18 మిల్లీమీటర్ల ఖాళీ తన విలువ చూపిస్తుంది. సోనీదే 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ బరువు 154 గ్రాములు. దాని రంధ్రం లెక్కవేస్తే 19.4 మిల్లీమీటర్లు. ఇప్పటిదాకా మనం ఐదూ ఆరూ మిల్లీమీటర్ల గురించి మాట్లాడుకుంటున్నాం! ఆ గాజు తగిలించిన క్షణం నుంచి అది వేరే కెమెరా. మండపంలోని మసక వెలుతురు సరిపోతుంది, వెనకాల దీపాలు గుండ్రటి మచ్చలుగా కరుగుతాయి, ముఖం ఒక్కటే నిలుస్తుంది.

ఇంకో వరం కూడా ఉంది. నికాన్ ఎఫ్ లెన్సులు 46.5 మిల్లీమీటర్ల దూరానికి లెక్కకట్టి చేసినవి. అందులోంచి 18 తీసేస్తే 28.5. ఆ పొడవున్న ఉత్త లోహపు గొట్టం ఒకటి మధ్యలో పెడితే ఆ లెన్సులు ఆల్ఫా మీద అనంతం దాకా ఫోకస్ అవుతాయి. గొట్టంలో గాజు అక్కర్లేదు. ఫిల్మ్ కాలం నాటి 50 మిల్లీమీటర్ల లెన్సులు మన ఊళ్ల ఫోటో స్టూడియోల బీరువాల్లో ఇప్పటికీ ఉంటాయి. వాటికి ఈ బాడీ మళ్లీ పని కల్పించగలదు. మెనూలో లెన్స్ లేకున్నా షట్టర్ పడేలా సెట్ చేసుకోవాలి, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఫోకస్ కుదిరిన అంచులను తెర మీద రంగుతో చూపించే ఏర్పాటు సాయం చేస్తుంది. దూరం ఎక్కువున్న మౌంట్ లెన్సును దూరం తక్కువున్న బాడీకి తగిలించవచ్చు కానీ ఉత్త గొట్టంతో తిరగేసి చేయలేం. ఖాళీ వదిలిపెట్టడం ఎంత ముందుచూపో ఇక్కడ తెలుస్తుంది.

అలాగని లెన్స్ విప్పలేకపోవడం ఆర్‌ఎక్స్100కు కేవలం లోటు కాదు. షట్టర్ చూడండి. ఆల్ఫాలో ఏ లెన్స్ తగిలిస్తారో ముందుగా తెలియదు కనుక షట్టర్ సెన్సార్ ముందే ఉండాలి. అది తెర లాంటి రేకులతో పైనుంచి కిందికి సాగుతుంది. వేగం పెరిగితే మొత్తం సెన్సార్ ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణమే ఉండదు. సన్నటి చీలిక ఒకటి జరుగుతూ పోతుంది. ఫ్లాష్ వెలిగేది లిప్తపాటు. ఆ లిప్తలో సెన్సార్ అంతా తెరిచి ఉండాలంటే వేగం 1/160 సెకను దాటకూడదు. ఆర్‌ఎక్స్100లో షట్టర్ లెన్స్ లోపలే, కటకాల మధ్యే ఉంది. అది తెరుచుకుంటే సెన్సార్ అంతటికీ ఒకేసారి వెలుగు అందుతుంది. వేగం ఎంతైనా ఫ్లాష్ కలుస్తుంది.

ఇది కాగితం మీది తేడా కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ, చెట్టు కింద మనిషి, కళ్ల కింద నల్లటి నీడలు. ఆ నీడను ఫ్లాష్‌తో నింపాలి. ఆల్ఫాలో 1/160 వేగానికి కట్టుబడితే ఎండకు తట్టుకోవడానికి రంధ్రాన్ని ఎఫ్/13 దాకా మూయాలి. దాని చిన్న ఫ్లాష్ గైడ్ నంబరు 6; దాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుగు చేరే దూరం మీటర్లలో వస్తుంది. ఎఫ్/13 దగ్గర ఆ వెలుగు అర మీటరు కూడా చేరదు. ఆర్‌ఎక్స్100లో 1/1000 వేగంతో, ఎఫ్/5.6తో తీయవచ్చు. రంధ్రం పెద్దది కనుక చిన్న ఫ్లాష్ కూడా ఎదురుగా ఉన్న ముఖానికి సరిపోతుంది. పైగా ఆ షట్టర్ చప్పుడు చెవి పెట్టి వింటే తప్ప వినిపించదు.

ఫ్లాష్ ప్రస్తావన వచ్చింది కనుక దాని కీలు గురించి చెప్పకుండా ఉండలేను. రెండు కెమెరాల్లోనూ ఫ్లాష్ సన్నటి మడత చేతుల మీద పైకి లేస్తుంది. లేచాక చూపుడువేలితో మెల్లగా వెనక్కి వంచితే వంగి, ఇంటి కప్పు వైపు తిరుగుతుంది. తెల్లటి సున్నం కప్పు తక్కువ ఎత్తులో ఉన్న గదిలో ఆ వెలుగు కప్పుకు తగిలి మెత్తగా దిగుతుంది. ఎవరు ఆ స్ప్రింగుకు అంత సడలింపు ఇచ్చారో గానీ, చిన్న కెమెరాలో ఇంత పెద్ద ఉపకారం చేసిన భాగం మరొకటి లేదు.

చేతిలో పట్టుకునే విషయంలో ఆల్ఫాదే పైచేయి. కుడివైపు ఉబ్బెత్తుగా ఉన్న పట్టులోనే బ్యాటరీ దాక్కుంది. అంటే వేళ్లకు కావలసిన ఆకారమూ, బ్యాటరీకి కావలసిన చోటూ ఒక్కటే. బొటనవేలు సహజంగా పడే చోట పైన ఒక చక్రం, వెనక మరొకటి. చూపు వ్యూఫైండర్ నుంచి తీయకుండానే వేగమూ రంధ్రమూ మార్చుకోవచ్చు. ఆర్‌ఎక్స్100 అల్యూమినియం ఒళ్లు చూడ్డానికి అందంగా ఉంటుంది, నున్నగా జారుతుంది కూడా. ముందువైపు పట్టు అన్నదే లేదు. తర్వాత సోనీయే అతికించుకునే పట్టును విడిగా అమ్మింది. వ్యూఫైండర్ లేదు, ఎండలో తెర కనబడక కళ్లు చికిలించాల్సిందే. ఆ లోటును 2014లో మూడో తరం ఆర్‌ఎక్స్100లో, బాడీలోంచి పైకి లేచే బుల్లి వ్యూఫైండర్‌తో తీర్చారు. లెన్స్ చుట్టూ ఉన్న వలయం మాత్రం హాయిగా తిరుగుతుంది. దానికి జూమ్, రంధ్రం, ఫోకస్, ఏ పని కావాలంటే అది అప్పగించుకోవచ్చు.

బరువుల లెక్క: బ్యాటరీ, కార్డుతో కలిపి ఆర్‌ఎక్స్100 240 గ్రాములు. ఆల్ఫా బాడీ 344, కిట్ లెన్స్ కలిపితే 460. ఒకటి ప్యాంటు జేబులో పడుతుంది, రెండోదానికి సంచీ కావాలి.

దుమ్ము రెంటికీ శత్రువే, వచ్చే దారులు వేరు. ఆల్ఫాలో లెన్స్ మార్చినప్పుడల్లా సెన్సార్ గాలికి బయటపడుతుంది, కానీ గాలి బుడ్డితో మనమే ఊది శుభ్రం చేసుకోవచ్చు. లోపలికీ బయటికీ జరిగే కాంపాక్ట్ లెన్స్ ప్రతి కదలికతో కొంత గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలితో ఒక రేణువు లోపలికి చేరి సెన్సార్ మీద కూర్చుంటే కెమెరా మొత్తం విప్పాల్సిందే, అది ఇంట్లో చేసే పని కాదు. మూసి ఉంచడం వల్ల వచ్చిన సుగుణాలన్నిటికీ ఇది చెల్లించవలసిన మూల్యం.

జేబులో ఫోన్ ఉండగా ఈ కాంపాక్ట్ దేనికి అని అడిగేవాళ్లకు ఒక్క మాట. ఆర్‌ఎక్స్100లో ఉన్నటువంటి ఒక అంగుళం రకం సెన్సార్ ఇప్పుడు ఖరీదైన కొన్ని ఫోన్లలోనూ ఉంది. అయితే దాని ముందు 28 నుంచి 100 దాకా సాగే గాజు జూమ్ పెట్టడానికి ఫోన్ మందం చాలదు. అందుకే అక్కడ ఒక్కో దూరానికి ఒక్కో లెన్స్, ఒక్కో సెన్సార్ పెడతారు, వాటిలో చాలావరకు చిన్నవే. ఆర్‌ఎక్స్100లో ఏ దూరంలో తీసినా ఆ 116 చదరపు మిల్లీమీటర్లూ పూర్తిగా పనిచేస్తాయి.

నా తీర్పు ఇది. వస్తువుగా చూస్తే ఆర్‌ఎక్స్100 గొప్ప పనితనం. అందులో ప్రతి భాగమూ పక్క భాగాన్ని ఎరిగి తయారైంది, దేన్ని కదిపినా మిగతావన్నీ కదలాల్సి వస్తుంది. సాధనంగా చూస్తే ఆల్ఫా 6000 ఎక్కువ దూరం తోడు వస్తుంది, ఎందుకంటే దాని రూపకర్తలు తమకు తెలియని లెన్సులకు కూడా చోటు వదిలారు. కిట్ లెన్స్ తప్ప ఇంకొకటి ఎప్పటికీ కొననని మీకు ముందే తెలిస్తే ఆల్ఫా కొనకండి; ఆర్‌ఎక్స్100 దాదాపు అంతే పని సగం బరువులో చేసిపెడుతుంది. ఫోటో తీయడం నేర్చుకుందామని ఉంటే ఆల్ఫా బాడీ, దానికి ఒక్క 35 మిల్లీమీటర్ల లెన్స్ చాలు.

రెండూ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కాంపాక్ట్ కొనేటప్పుడు నాలుగైదుసార్లు స్విచ్ వేసి ఆపి, లెన్స్ తడబడకుండా వస్తోందా, మూత రేకులు పూర్తిగా మూసుకుంటున్నాయా చూడండి. తర్వాత ఎఫ్/11లో తెల్లగోడను ఫోటో తీసి తెర మీద పెద్దది చేసి, మచ్చలు ఉన్నాయేమో వెతకండి. ఆల్ఫా అయితే లెన్స్ విప్పించి, వెలుతురులో సెన్సార్ మీద గీతలు లేవని కళ్లారా చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.